డిస్కుకు దసరా పూజ

దసరా పొద్దున ఓంకార్ పెట్టుకున్న పని ఒక్కటే. మేనేజర్ సంధ్యారాణి ఇచ్చిన గేమ్ డిస్కును భద్రంగా తిరిగి ఆమె చేతిలో పెట్టాలి. సాయంత్రం జమ్మి పెట్టడానికి వస్తానని, డిస్కు అప్పుడే తీసుకుంటానని ఆమె ఫోన్ చేసింది. మడికొండలోని వాళ్ల ఆఫీసులో కొత్త టీమ్ లీడ్ ఎవరో సోమవారం తేల్చేది కూడా ఆమే.

కాలేజీ రోజుల్లో ఆమె ప్రాణం పెట్టి ఆడిన ఆట అది. "నాకూ ఆ గేమంటే పిచ్చి మేడం" అని ఓంకార్ ఊరికే ఓ మాట అంటే మర్నాడే తెచ్చిచ్చింది. తీరా చూస్తే అతని లాప్‌టాప్‌కు డిస్కు పెట్టే చోటే లేదు. అయినా నెట్‌లో నాలుగు ముక్కలు చదువుకుని "నిన్న కోట దాటిన మేడం" అన్నాడు. ఇంకో వారానికి "రాక్షసుణ్ని చంపిన మేడం" అన్నాడు.

జాగ్రత్తకు మాత్రం లోటు చేయలేదు. డిస్కును పట్టుగుడ్డలో చుట్టి బీరువాలో పెట్టి, "అమ్మా, ఇది పైలం. నా బతుకంత దీంట్లనే ఉన్నది" అని తల్లి లింగమ్మకు చెప్పాడు. ఆ మాటే కొంప ముంచింది.

స్నానం చేసి వచ్చేసరికి పూజలో తండ్రి రాయమల్లు మగ్గంలో దారం నడిపే నాడె, బండి తాళం, కత్తిపీట వరుసగా ఉన్నాయి. వాటి నడుమ డిస్కు. మెరిసే వైపంతా తడి పసుపు, దాని మీద కుంకుమ బొట్లు, నడిమి రంధ్రంలో వెలుగుతున్న ఊదుబత్తి. ఓంకార్ ఉరికొచ్చి ఊదుబత్తి పీకేశాడు.

"అమ్మా, ఏం జేసినవే?"

"దసరా గదరా. మీ నాయిన నాడెకు మొక్కి, నీ బతుకున్నదానికి మొక్కకుంటె ఎట్ల?"

గబగబా తుడిస్తే గీతలు పడ్డాయి. బిడ్డ మొహం చూడలేక లింగమ్మ దాన్ని లాక్కుపోయి, ఇత్తడి చెంబును తోమినట్టు చింతపండుతో తోమింది. రాయమల్లు తన వంతుగా మగ్గానికి పోసే నూనె రాశాడు. డిస్కు అట్ల పెనంలా తయారైంది.

ఓంకార్ కంప్యూటర్ షాపు అనిల్‌కు ఫోన్ కొట్టాడు. "అన్నా, ఇసొంటిదే ఇంకోటి దొర్కదా?"

"ఖరాబైన డిస్కు పంపితె కంపెనోళ్లే కొత్తదిచ్చేటోళ్లు. ఇప్పుడా కంపెనీయే లేదు."

"ఎవలిదన్న అడిగి కాపీ కొట్టియ్యరాదు?"

"కాపీ నడువది తమ్మీ. లోపల తాళమేసి ఉంటది. అసలు డిస్కు పెడితెనే ఆట తెరుసుకుంటది."

సాయంత్రం సంధ్యారాణి వచ్చింది. పెద్దవాళ్లిద్దరి చేతుల్లో జమ్మి ఆకు పెట్టి కాళ్లకు మొక్కింది. ఓంకార్ గుడ్డ విప్పి, "తప్పయింది మేడం" అన్నాడు. ఏడుపొక్కటే తక్కువ.

ఆమె డిస్కును తిప్పి చూసి నవ్వేసింది. "పోతె పోనీ ఓంకార్. పండుగకు ఇల్లు సదురుతుంటే అసలుది దొరికింది. నీకిచ్చింది కాలేజీల నేను కొట్టుకున్న కాపీ. ఒక్కనాడూ నడువలే."

ఓంకార్‌కు పోయిన ప్రాణం తిరిగొచ్చింది. సగం దూరం వచ్చి ఆగిపోయింది.

"అవును గని," అంది సంధ్యారాణి, "రాక్షసుణ్ని ఎట్ల చంపినవ్?"

ఆమె సంచిలోంచి అసలు డిస్కు తీసి బల్ల మీద పెట్టింది. "ఇప్పుడు నిజంగ ఆడు. ఆఖరికి ఏమైతదో సోమవారం చెప్పు. టీమ్ లీడ్ సంగతి తర్వాత చూద్దాం."

ఓంకార్ డిస్కు పెట్టే చోటే లేని తన లాప్‌టాప్ వైపు చూశాడు. లింగమ్మ మాత్రం బల్ల మీది డిస్కు తీసుకుని లోపలికి వెళ్లి, మళ్లీ పసుపు కలపడం మొదలుపెట్టింది.