నలభయ్యో రోజు ఊరగాయ

ఆ ఆదివారం పొద్దున ఆయేషా పెట్టుకున్న పని ఒక్కటే. చుట్టాలెవరైనా వచ్చేలోపు ఊరగాయ జాడిని ఎత్తి అటక మీద, పాత పరుపుల వెనక దాచేయాలి.

సర్దార్ బీ పోయి అది ముప్పై మూడో రోజు. సర్దార్ బీ ఆయేషాకు అవ్వ, నాయన తల్లి. పోయిన వేసవిలో ఆమె కలిపిన మామిడికాయ ఊరగాయ ఒక జాడి మిగిలింది. ఆ చేత్తో కలిపింది ఇక ఇంకొకటి ఉండదు. ఆయేషా కర్నూలులో ఒక ల్యాబులో రక్తం తీసే ఉద్యోగం చేస్తోంది. మధ్యాహ్నం క్యారియర్ మూత తీసి, అన్నం అంచున ఆ ఎర్రటి ముక్కను చూసినప్పుడు మాత్రమే ఆమెకు అవ్వ ఇంకా ఇంట్లో ఉన్నట్టు అనిపిస్తుంది. పొదుపుగా వాడుకుంటే ఏడాది వస్తుందని అనుకుంది.

చుట్టాలు అలా అనుకోలేదు. కల్లూరులోని వాళ్ళ ఇంటికి పలకరింపుకు వచ్చిన ప్రతి మనిషీ గుమ్మంలో ఏడ్చి, లోపల కూర్చుని, అన్నం ముందుకు రాగానే కళ్ళు తుడుచుకుని ఒకటే మాట అన్నారు. "ఆయమ్మ చేతి ఊరగాయ ఉంటే ఇంత ఎయ్యిమ్మా." డోన్ నుంచి వచ్చిన ఒకాయన సర్దార్ బీని జీవితంలో ఒక్కసారి చూశాడు. ఊరగాయ మాత్రం మూడుసార్లు వేయించుకున్నాడు. జాడి సగానికి దిగింది. ఆయేషాకు ఏడుపు రావడం ఎప్పుడో ఆగిపోయింది. దాని చోటులో కోపం వచ్చి కూర్చుంది.

ఆమె జాడిని చంకలో ఇరికించుకుని స్టూలు ఎక్కింది. సరిగ్గా అప్పుడే వాకిట్లో ఆటో ఆగింది. దిగింది కడప మేనత్త కాశింబీ. చేతిలో సంచి, సంచిలో మూత ఉన్న ఖాళీ ప్లాస్టిక్ డబ్బా. మూడో రోజు వచ్చినప్పుడు ఒక డబ్బా నింపుకుపోయింది. పదో రోజు వచ్చినప్పుడు ఇంకొకటి.

"ఏమే, స్టూలెక్కి ఏం చేస్తాండావు? దిగు. ఆ జాడి ఇట్ల తే."

"ఏంటికత్తా?"

"ఏంటికంటే? ఇంత ఏసకపోతా."

"పోయినసారి తీసకపోయింది ఏమాయె?"

"ఏమయితే నీకేమే? మా అమ్మ చేసింది. నాకు ల్యాని హక్కు నీకుండాదా?"

కాశింబీ చేయి జాడి మూత మీదికి వచ్చింది. ఆయేషాకు తల తిరిగేంత కోపం వచ్చింది. ఆ కోపంలో నోటికి దొరికిన మాట అనేసింది.

"ముట్టగూడదత్తా! అది సదింపుకు పెట్టినాం. నలభై దినాలకు, అవ్వ పేరు మీద."

కాశింబీ చేయి గాల్లోనే ఆగిపోయింది. వెంటనే చెంపలు వేసుకుంది. ఖాళీ డబ్బాను సంచిలోకి తోసేసింది. వంటింట్లోంచి ఆయేషా తల్లి ముబీనా తొంగి చూసింది.

"సదింపుకా? ఎవురు పెట్టినారు?"

"నేనే పెట్టినామ్మా."

పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ నలభయ్యో రోజు చాప మీద పెట్టి, మసీదు హజరత్ చేత ఫాతెహా చదివిస్తారు. ఆ ఇళ్ళల్లో దాన్నే సదింపు అంటారు. సదింపుకు అనుకున్నదాన్ని ముందుగా ఎవరూ ఎంగిలి చేయరు. ఆచారంలో ఈ సగం ఆయేషాకు వెంటనే గుర్తొచ్చింది. చదివినదాన్ని వచ్చిన ప్రతి మనిషికీ పంచాలని, ఆ ఇంట్లో ఒక్క ముక్క కూడా వెనక్కి దాచుకోరని, మిగతా సగం మాత్రం అత్త తిరుగు ఆటో మలుపు దాటాక గుర్తొచ్చింది.

అప్పటికి కాశింబీ బస్టాండుకు చేరలేదు గానీ, వార్త కడపకు చేరింది. ఆటోలో కూర్చునే ఆమె ఏడుగురికి ఫోన్ చేసింది.

మధ్యాహ్నం పరుపుల అంగడి నుంచి నాయన రసూల్ సాహెబ్ ఇంటికొచ్చాడు. తల్లి పోయినప్పటి నుంచి ఆయన రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ. నేరుగా వచ్చి ఆయేషా తల మీద చెయ్యి పెట్టాడు.

"నాకు తోచల్యా సూడమ్మా. కొడుకును, నాకు తోచల్యా. నీకు తోచింది." ఆయన కళ్ళు నిండిపోయాయి.

నిజం చెప్పడానికి ఆయేషా తెరిచిన నోరు అలాగే మూసుకుంది.

బుధవారానికి కడప నుంచి ఒక జీపు, నంద్యాల నుంచి రెండు, ప్రొద్దుటూరు నుంచి వేలు విడిచిన చుట్టాలు, అందరూ వస్తున్నట్టు తేలింది. 'సర్దార్ బీ చివరి ఊరగాయ సదివిస్తాండారంట' అని వాట్సప్‌లో తిరుగుతోంది. రసూల్ సాహెబ్ మూతలున్న చిన్న ప్లాస్టిక్ కప్పులు రెండు వందలు తెచ్చి నట్టింట్లో పేర్చాడు.

"ఇవేంటికి నాయనా?"

"రాలేనోళ్ళకు ఇంటికి తీసకపోనీకె."

"ఉండేది అరజాడి నాయనా!"

"తలా ఒక ముక్క. ముక్క రాకుంటే గుజ్జు. గుజ్జు కూడా రాకుంటే నూనె ముట్టినా చాలమ్మా. మా అమ్మది కదా." ఆయన నవ్వాడు. ముప్పై ఆరు రోజుల్లో అదే మొదటి నవ్వు.

నాయన మీద కోప్పడడం ఆయేషా వల్ల కాలేదు. ఆ కోపం కూడా అత్త ఖాతాలోకే వెళ్ళింది. కాస్త మిగిలింది ల్యాబుకు వెళ్ళింది. ఆ వారం ఆమె సూది కింద చేయి పెట్టిన ప్రతివాళ్ళూ "మెల్లగమ్మా, మెల్లగ!" అన్నారు.

శుక్రవారం ఆమె సెలవు పెట్టింది. నాయన నమాజుకు పోయాడు, తల్లి పాలకేంద్రానికి పోయింది. దొరికింది అరగంట. అంతకుముందే రోడ్డు మలుపులో ఇంటి ఊరగాయలు అమ్మే ఆవిడ దగ్గర అదే రంగు, అదే ముక్క చూసి మామిడికాయ ఊరగాయ కొనిపెట్టుకుంది. అవ్వ ఊరగాయను చివరి చుక్క దాకా ఒక స్టీలు డబ్బాలోకి గీకి, ఖాళీ అయిన జాడిలోకి అంగడి ఊరగాయను దించింది. సగానికి, గీత తప్పకుండా. తర్వాత స్టీలు డబ్బాను చున్నీ కింద పెట్టుకుని పక్కింటి నిస్సీ దగ్గరికి పరిగెత్తింది.

"అక్కా, ఇది రెండు దినాలు నీ దగ్గర పెట్టు. మూత తియ్యొద్దు. ఎవురికీ చెప్పొద్దు."

"ఏముండాదే ఇందులో? బంగారమా?"

"అడగొద్దక్కా. నీకు దండం పెడతా."

"సరేలే. ఆదివారం మా ఇంట్లోనూ జనం ఉంటారు. మేడ మీద గది కట్టినాం కదా, పాస్టరు గారొచ్చి ప్రార్థన చేస్తాడు. వంటింట్లో పైఅరలో పెడతా, ఎవురూ చూడరు."

ఆదివారం వచ్చింది. సన్నటి ఆ సందులో రెండు షామియానాలు పడ్డాయి. ఒకదాని కింద నలభై దినాలు, ఒకదాని కింద కొత్త గది. మధ్యలో ఒక గుడ్డ మాత్రమే అడ్డం. అటు పాట, ఇటు ఫాతెహా. ఎవరి పని వాళ్ళది.

హజరత్ చదవడం ముగించి మొహం తుడుచుకున్నాడు. రసూల్ సాహెబ్ తల్లి జాడిని రెండు చేతులతో ఎత్తి, ఆకుల్లో తలా ఒక ముక్క వేసుకుంటూ వచ్చాడు. ఆయేషా గోడకు ఆనుకుని నిలబడింది.

డోన్ ఆయన ముక్క నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. "అదే చెయ్యి! అదే రుచి! ఆయమ్మ నా ఎదురుగా కూచున్నట్లుండాది."

"ఇట్లాంటి ఊరగాయ ఇంక పుట్టదప్పా," అని ఇంకొకాయన ముక్కు చీదాడు. ఆడవాళ్ళ వరుసలో ఏడుపు లేచింది.

ఆయేషా పళ్ళు కొరుక్కుంది. ముప్పై తొమ్మిది రోజులుగా అవ్వ ఊరగాయను మింగినవాళ్ళు వీళ్ళే. వీళ్ళకు దానికీ రోడ్డు మలుపు ఊరగాయకీ తేడా తెలియదు. ఏం తిన్నట్టు? ఎందుకు తిన్నట్టు?

ఒక్క కాశింబీ మాత్రం ముక్క కొరికి, నమలడం ఆపింది. తలెత్తి ఆయేషాను సూటిగా చూసింది. మళ్ళీ నెమ్మదిగా నమిలి మింగేసింది.

అప్పుడే గుడ్డకు అవతల నుంచి నిస్సీ భర్త యేసుప్రసాద్ గొంతు వినిపించింది.

"ఊరగాయ ఇంకోసారి తిప్పండప్పా! పాస్టరు గారికి ఎయ్యండి!"

ఆయేషా ఆకులు దాటుకుంటూ, కాళ్ళు తొక్కుకుంటూ పరిగెత్తింది. నిస్సీ ఇంటి వెనక కొళాయి దగ్గర స్టీలు డబ్బా బోర్లించి ఉంది. తళతళా మెరుస్తోంది.

"అక్కా... ఇందులోది?"

నిస్సీ మొహం చూస్తే ఏడవడానికి సిద్ధంగా ఉంది. "నేను పైన ప్రార్థనలో ఉన్యానే. వంటాయన ఊరగాయ తేనీకె మర్సిపోయినాడంట. ఈయన అరలో చూసి తీసేసినాడు."

యేసుప్రసాద్ చెయ్యి నాకుతూ వచ్చాడు. "నువ్వే ఇచ్చినావంట కదా ఆయేషా? మా కూడికకు గుట్టుగా చేయించి ఇచ్చినావనుకున్యా. ఎవురు చేసినారు తల్లీ? అద్భుతం! చుక్క మిగల్లేదు. డబ్బా నేనే కడిగినా."

"అన్నా, అది మా అవ్వ ఊరగాయ!" ఆయేషా గొంతు రెండు షామియానాలు దాటింది. "మా ఇంట్లో వాళ్ళు ఏడ్సుకుంటా తింటాండేది అంగడిది!"

అటు పాట ఆగింది. ఇటు ఏడుపు ఆగింది. ఎవరో గుడ్డను పక్కకు లాగారు.

"అంగడిదా? సదింపులో అంగడి ఊరగాయ పెడతారా?"

"ఇంతదూరం జీపులో వచ్చింది దీనికా?"

"నాకు నోట్లో పెట్టుకున్నప్పుడే అనుమానమొచ్చింది," అన్నాడు డోన్ ఆయన.

ఆయేషాకు ఇక అడ్డూ ఆపూ లేకపోయింది. "అవును, దాచినా! అవ్వ నాలుగు నెలలు మంచం మీదుంటే మీలో ఎంతమంది వచ్చినారు? అప్పుడు జీపులు దొరకల్యా? పోయినాక ఊరగాయకు వస్తాండారు! మీకు అవ్వ కావాల్నా, ఊరగాయ కావాల్నా?"

చివరికి అందరూ హజరత్ వైపు తిరిగారు. సదింపు చెల్లుతుందా, చెల్లదా? ఆయన ఆకులోని అన్నం ముగించి, నీళ్ళు తాగి, నిదానంగా చెప్పాడు. "సదివింది సర్దార్ బీ పేరు మీద. ఊరగాయ ఎవురు కలిపినారో పైన అడగరు. అన్నాలు చల్లారుతాండాయి, తినండి."

తిన్నారు. తిని, ముఖాలు మాడ్చుకుని, చెప్పాపెట్టకుండా జీపులెక్కారు. అంగడి ఊరగాయ కప్పు మాత్రం ఒక్కరు కూడా మర్చిపోలేదు.

రసూల్ సాహెబ్ ఖాళీ జాడి పక్కన కూర్చున్నాడు. "నాకు చెప్పి ఉండొచ్చు కదమ్మా."

"చెప్తే నువ్వు నవ్వేవాడివి కాదు నాయనా."

ఆయన లేచి చాపలు మడత పెట్టసాగాడు.

కాశింబీ ఒక్కతే మిగిలింది. పెరట్లో బండ మీద కూర్చున్న ఆయేషా పక్కకు వచ్చి చతికిలబడింది.

"మెంతిపొడి," అంది.

"ఏమత్తా?"

"మా అమ్మ మెంతిపొడి ఏయదు. కొరకంగానే తెలిసిపాయె."

"మరి అప్పుడే అనల్యా ఏంటికి?"

"అంటే అసలుది యాడుండాదని ఇల్లంతా ఎతుకుతారు కదా! నువ్వు దాచినావని శానా సంతోషపడినా. నా మాదిరే తెలివి అనుకున్యా. నీకు తెలివి ల్యా."

"నీ మాదిరి ఏందత్తా? డబ్బాలు డబ్బాలు మోసకపోయి తిన్యావు!"

"ఎవురే తినింది?" కాశింబీ ఆయేషా వైపుకు తిరిగింది. "రెండు డబ్బాలూ అట్లనే ఉండాయి. మూతలకు టేపేసి ఫ్రిజ్‌లో పెట్టినా. మీ మామ అడిగితే అయిపోయిందని చెప్పినా. ఈడుంటే ఈ జనం మిగలనిస్తారా? అందుకే వచ్చినప్పుడల్లా తీసకపోయినా. ఇంకోటి తీసకపోదామని వస్తే నువ్వు సదింపంటివి."

నలభై రోజులు పెంచుకున్న కోపం ఎక్కడ దించాలో ఆయేషాకు తెలియలేదు.

"అత్తా, ఒక డబ్బా ఇయ్యి."

"ఇయ్యను."

"అత్తా!"

"ఇస్తే ఏం చేస్తావు? మళ్ళా పక్కింట్లో పెడతావా? గమ్మునుండు. కావాలంటే కడపకు రా. వేడన్నం వండి పెడతా, తిని పో."

ఇప్పుడు ఆయేషా నెలలో రెండు ఆదివారాలు కడప బస్సు ఎక్కుతోంది. నంద్యాల దాకా అత్తను తిట్టుకుంటుంది. మైదుకూరు వచ్చేసరికి ఆకలి మొదలవుతుంది. కాశింబీ అన్నం మీద సరిగ్గా ఒక చెంచా వేసి మూత బిగిస్తుంది. ఇద్దరూ సర్దార్ బీ గురించి మాట్లాడుకుంటారు, ఆమె ఎవరిని ఎక్కువ ప్రేమగా చూసిందో తేలక పోట్లాడుకుంటారు. మొన్న అత్త స్నానానికి పోయినప్పుడు ఆయేషా రెండో చెంచా కోసం మెల్లగా లేచింది.

ఫ్రిజ్‌కు తాళం వేసి ఉంది.