మూడు రిబ్బన్లు

ఆ రోజు ఇంట్లో నాయనమ్మ, అమ్మ, గడ్డం గీసుకుంటున్న నాన్న, పది గంటలకు పరీక్ష ఉన్న పెద్దపిల్ల ఉన్నారు. పెరట్లో బాదం చెట్టు ఉంది. పరీక్ష దాని మీదే.

పెద్దపిల్ల చెట్ల సంరక్షణ శిక్షణలో చేరి నెల రోజులైంది. కొమ్మలు కొయ్యడం ఇంకా నేర్పలేదు. ఏ కొమ్మ తీసేయాలో గుర్తుపట్టి దానికి ఎర్ర రిబ్బను కట్టడం వరకే వచ్చింది. ఈరోజు శిక్షణ ఇచ్చే మేడమ్ ఇంటికొచ్చి ఆ గుర్తులు చూస్తుంది. నచ్చితే రేపటి నుంచి జట్టుతో పనిలోకి, లేకపోతే మళ్లీ ఇంట్లోకి. గుర్తుల గురించి పిల్లకు బెంగ లేదు. పోయిన వారం మేడమ్ అన్న మాటే ముల్లులా గుచ్చుకుంటోంది. "చెట్టెక్కినవాళ్ల ప్రాణం కిందున్నవాళ్ల గొంతులో ఉంటుందమ్మా. నీ గొంతు పక్కనున్న నాకే వినపడట్లేదు."

పొద్దున్నే నిచ్చెన వేసుకుని, ఎండిన కొమ్మకు ఒకటి, పక్కదాన్ని రాసుకుంటున్న కొమ్మకు ఒకటి, కరెంటు తీగ వైపు పోతున్నదానికి ఒకటి, మొత్తం మూడు రిబ్బన్లు కట్టింది. "రిబ్బను కట్టినవి తీసేసేవమ్మా," అని వంటింట్లో అమ్మకు చెప్పింది. నాయనమ్మ పక్కింటావిడతో గోడ దగ్గర మాట్లాడుతోంది. మధ్యలో దూరేంత నోరు పిల్లకు లేదు. చెప్పకుండానే మేడమ్ కోసం వీధి చివరికి వెళ్లిపోయింది.

మాటలు ముగించుకుని ఇటు తిరిగిన నాయనమ్మకు రిబ్బన్లు కనిపించాయి. వచ్చే మేడమ్ కోసం అలంకరణ అనుకుంది. "మూడింటికి కట్టి మిగతావాటికి సవతితల్లి ప్రేమా?" అని చిరిగిన ఎర్ర దుప్పటిని పీలికలు చేసి, చేతికందిన ప్రతి కొమ్మకూ, చివరికి మానుకూ కట్టేసింది. మనవరాలికి సాయం చేశానన్న తృప్తితో వెళ్లి నడుం వాల్చింది.

పది నిమిషాల తర్వాత బట్టలారేయడానికి వచ్చిన అమ్మ బకెట్టు వదిలేసింది.

"ఏమండీ! చెట్టు మొత్తం కొట్టేస్తారట!"

"ఎవరన్నారు?"

"మీ కూతురే! మానుకు కూడా కట్టేసిపోయింది!"

నాన్న ఇరవయ్యేళ్లుగా ఆదివారం మధ్యాహ్నాలు ఆ నీడలోనే నిద్రపోతున్నాడు. ఒక చెంప మీద సబ్బు నురగతోనే పరుగెత్తుకొచ్చి, నిచ్చెనెక్కి, చెట్టు మీదికి పాకాడు. కాలు తగిలి నిచ్చెన పడిపోయింది.

"ఇప్పుడు కొట్టమను చూద్దాం!"

అప్పుడే పిల్ల వెంట మేడమ్ పెరట్లో అడుగుపెట్టింది. పైకి చూసింది. "మీ నాన్నగారా?"

పిల్ల తలూపింది. అంతలో తన చూపు నాన్న పాదాల మీద పడింది. ఆయన నిలబడింది ఎండిన కొమ్మ మీద.

"నాన్నా, ఆ కొమ్మ..." అని గొణిగింది. ఆయనకు వినపడలేదు. "నేను దిగను!" అంటూ కాలెత్తి ఒక్క తాపు తన్నాడు. కొమ్మ కిర్రుమంది.

"నాన్నా! కదలకు!"

పక్కింటి కిటికీ తెరుచుకుంది. ఆ గొంతు ఎవరిదా అని అమ్మ చుట్టూ చూసింది.

"అది ఎండిపోయింది! మాను రెండు చేతులతో పట్టుకో! కుడికాలు కింది కొమ్మ మీద పెట్టు! అది కాదు, దాని పక్కది!"

"అలాగేనమ్మా," అన్నాడు నాన్న. పెళ్లాం మాట కూడా అంత త్వరగా ఎన్నడూ విన్న మనిషి కాదు. రెండో కాలు తీశాడో లేదో, కొమ్మ విరిగి రిబ్బనుతో సహా అమ్మ బకెట్టు మీద పడింది.

పిల్ల నిచ్చెన వేసి, ఒక్కో మెట్టూ చెబుతూ దింపింది. నేల తగిలాక నాన్న చెంప తుడుచుకున్న చేత్తోనే ఆమె తల నిమిరాడు. "ఈ గొంతు ఇన్నాళ్లూ ఎక్కడ దాచావే?" జుట్టంతా నురగైంది.

మేడమ్ చెట్టు చుట్టూ తిరిగింది. "ఇవన్నీ నువ్వే కట్టావా?"

"నావి మూడే మేడమ్. మిగతావి మా నాయనమ్మ దుప్పటి."

"మొదటిదాని సంగతి అదే పడి చెప్పింది. మిగతా రెండూ సరిగ్గానే ఉన్నాయి. రేపు ఆరింటికల్లా వచ్చెయ్."

గోలకు నిద్ర చెడి నాయనమ్మ గుమ్మంలోకి వచ్చింది.

"నాయనమ్మా! ప్యాసయ్యాను! పీలికలన్నీ విప్పాలి, రా, నిచ్చెన పట్టుకో!"

"నీకు నోరెప్పుడొస్తుందా అని ఇన్నేళ్లు దిగులుపడ్డానే తల్లీ," అని నాయనమ్మ కళ్లు తుడుచుకుంది. "ఇక నన్ను పడుకోనీ," అని మనవరాలి ముఖం మీదే తలుపు వేసేసింది.