ఊతకర్ర అడగని బఠానీ

రేడియేషన్ మంచిది! పత్రిక విసిరికొట్టకండి, కాస్త ఓపిక పట్టండి. అణుబాంబుల్ని మెచ్చుకునేంత తలతిక్క నాకింకా పట్టలేదు. విత్తనాలకు కొలిచి పట్టించే గామా కిరణాల సంగతి చెబుతున్నాను. అర్జీ పెట్టకుండా, పైఅధికారి సంతకం కోసం కాళ్లరిగేలా తిరగకుండా, ఉన్నదాన్ని మార్చిపారేసే దమ్ము వాటికి తప్ప ఇంకెవరికుంది?

ఈ జ్ఞానం నాకు మా అక్క పెట్టిన భిక్ష. ఆవిడ ఒక విత్తన పరిశోధన కేంద్రంలో శాస్త్రవేత్త. బఠానీ గింజలకు కిరణాలు పట్టించి, వాటిని మొలిపించి, ఏం పుడుతుందా అని కాచుకుని కూర్చోవడం ఆవిడ ఉద్యోగం.

కిరణం గింజలోకి దూరి జన్యువుల దారాన్ని తెంపుతుంది. కణం ఊరుకుంటుందా? కంగారుగా అతుకేస్తుంది. పెళ్లి ముందురోజు దర్జీ కుట్టిన చొక్కా ఎలా ఉంటుందో మీకు తెలుసుగా, అలా ఎక్కడో ఒక కుట్టు తప్పుతుంది. ఆ తప్పుకుట్టుకే ఉత్పరివర్తనం అని పెద్ద పేరు పెట్టారు.

ఇక ఆ సంతానాన్ని చూడాలి! ఒకదానికి ఆకుపచ్చ రంగే రాదు, తెల్లగా పాలిపోయి నాలుగు రోజులకే హరీమంటుంది. ఇంకొకటి విరగబూస్తుంది కానీ ఒక్క కాయా కాయదు, అచ్చం మా సంపాదకుడి హామీల్లాగే. వేలల్లో ఏ ఒక్కటో పనికొస్తుంది. అదైనా మొదటి తరంలో మొహం చాటేసి, రెండో తరంలో తీరిగ్గా బయటపడుతుంది.

"ఆ గింజలు తింటే మనం చీకట్లో వెలుగుతామా?" అని మా బావ ఓసారి భయపడ్డాడు.

"వెలగరు. ఇప్పుడున్న మసకే ఉంటుంది," అంది అక్క.

ఇలా ఏళ్లు గడిచాక, రెండో తరం మడి మీద ఒకరోజు గాలివాన విరుచుకుపడింది. మర్నాటికి మొక్కలన్నీ నేలమీద చాపలా పరుచుకున్నాయి. మధ్యలో ఒకే ఒక్కటి, పొట్టిగా, లావుపాటి కాండంతో, ఏ కర్ర ఊతమూ లేకుండా నిటారుగా నిలబడి ఉంది!

"ఒరేయ్, నిలబడిందిరా!" అని అక్క ఫోన్‌లో అరిచింది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. ప్రతి మొక్కకీ కర్ర పాతలేక, ఒరిగిన తీగ కుళ్లిపోతుంటే చూడలేక సతమతమయ్యే రైతులకు అదెంత వరమో ఆవిడకు తెలుసు. దానికి ఎర్ర రిబ్బన్ కట్టింది. కాయలు ముదిరి, గింజ చేతికి వస్తే చాలు.

ఇంతలో ఇంకా పెద్ద రేడియేషన్ యంత్రం మంజూరు చేయడానికి ఒక కమిటీ వస్తోందన్నారు. వాళ్లను తీసుకురమ్మని డైరెక్టరుగారు అక్కను రైల్వేస్టేషన్‌కు పంపి, తాను మడి చూడటానికి బయల్దేరారు.

విత్తనాలు పండించేవాళ్లకు ఒక ఆచారం ఉంది. తోటివాటిలా లేని మొక్కను బెరుకు అంటారు. కనబడితే పీకేస్తారు. అమ్మే విత్తనం పండించే పొలంలో అది ధర్మమే. డైరెక్టరుగారి తల నెరిసింది ఆ ధర్మంలోనే.

"ఏమిటయ్యా ఇది? ఒకటి పొట్టి, ఒకటి పొడుగు! కమిటీవాళ్లు నవ్విపోరూ? మడంతా ఒక్కలా కనిపించాలి."

"ఆ రిబ్బన్ మేడమ్‌గారు కట్టారండి," అని మేస్త్రీ నసిగాడు.

"మరెందుకు కట్టిందనుకున్నావ్? పీకడానికి గుర్తు!"

పీకి పెంటకుప్ప మీద పారేశారు. కమిటీ వచ్చింది. మిగిలిన మొక్కల్ని కర్రలకు కట్టి వరసగా నిలబెట్టిన మడిని చూసి కమిటీ పెద్దాయన మురిసిపోయారు. "ఇంత రేడియేషన్ పెట్టినా ఒక్క మొక్కా తేడా రాలేదు! శభాష్!" అన్నారు. యంత్రం అక్కడికక్కడే మంజూరైంది. అందరూ చప్పట్లు కొట్టారు.

అక్క పెంటకుప్ప దగ్గరికి పరిగెత్తేసరికి కాపలాదారుడి మేకలు నింపాదిగా నెమరేస్తున్నాయి. ఆ పొట్టి మొక్క లేత కాయలతో సహా వాటి కడుపులోకి పోయింది. అక్క గట్టుమీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. నవ్వించడమే వృత్తిగా బతికేవాణ్ణి, ఇక్కడ మాత్రం నాకు నవ్వు రావడం లేదు.

కాబట్టి, పాఠకులారా, రేడియేషన్‌లో ఏ దోషమూ లేదు. అది చేయాల్సిన పని చేసింది. దాన్ని గింజలకు మాత్రమే పట్టించడంలోనే మన పొరపాటు ఉందని నాకు గట్టిగా అనిపించింది. అదే మాట అక్కతో అన్నాను.

"కొత్త యంత్రం వస్తోందిగా, ముందు మీ డైరెక్టరుగారిని ఓసారి లోపలికి పంపకూడదూ?"

అక్క కళ్లు తుడుచుకుంది. "దండగరా. ఆయన నిజంగానే మారాడనుకో, మర్నాడు ఆయన్నీ పీకేస్తారు."