రెండో బ్రేకు లేని కారు

నా ఉద్యోగం లిఫ్టులు బాగుచేయడం. పైకి వెళ్తాను, కిందికి వస్తాను. చేరిన రోజు నుంచి ముందుకు వెళ్ళింది మాత్రం లేదు. అలాంటివాడు రేసు కారు మీద మనసు పారేసుకుంటే ఆ తప్పు నాది కాదు, లిఫ్టుది.

మా ఊరి చివర ఒక క్లబ్బు ఉంది. ఇంట్లో సొంతంగా కట్టుకున్న కార్లతో ఆదివారాలు అక్కడ సరదాగా పందేలు వేసుకుంటారు. ఒకసారి కంచె బయట నుంచుని చూశాను. అంతే. ఆ తర్వాత లిఫ్టులో కళ్ళు మూసుకుంటే చాలు, నాలుగు గోడలూ మంచులా కరిగిపోయి, పొడవాటి నల్లటి రోడ్డు కాళ్ళ ముందు పరుచుకునేది. చెవుల్లో గాలి పాడేది. ఇంతలో తలుపులు తెరుచుకునేవి. ఎవరో కూరగాయల సంచీతో నుంచుని, "కిందికేనా?" అని అడిగేవారు.

తుక్కు కొట్టు నుంచి ఒక పాత కారు తెచ్చి షెడ్డులో పెట్టాను. ఇక మా ఆవిడకి చెప్పాలి. ఆవిడ డ్రైవింగ్ స్కూల్లో టీచరు. రోజంతా వణికిపోయేవాళ్ళ పక్కన కూర్చుని "నెమ్మది, నెమ్మది" అనడమే ఆవిడ పని. అలాంటి మనిషి రేసుకి ఒప్పుకుంటుందా? అందుకని ఓ చక్కటి అబద్ధం అల్లాను.

"నీ కోసమే తెచ్చాను. మీ స్కూల్లో నేర్పడానికి."

"నా కోసమా?" అంది. కళ్ళు మెరిశాయి. పాపం, నమ్మేసిందనుకున్నాను.

బరువు తగ్గితే వేగం పెరుగుతుంది. డ్రైవరు సీటు ఉంచి మిగతావన్నీ పీకేశాను.

"మరి నేనెక్కడ కూర్చోవాలి?"

"నువ్వు బయటే ఉంటావు. నేర్చుకునేవాళ్ళకి ధైర్యం వస్తుంది."

"నాకూ ఆయుష్షు పెరుగుతుంది," అంది.

తర్వాత లోపల ఇనప గొట్టాలతో పంజరం కట్టి వెల్డింగ్ చేశాను.

"ఇదెందుకండీ?"

"బోల్తా పడినా తల పగలదు."

"పార్కింగు నేర్చుకుంటూ బోల్తా పడతారా?"

"మీ వాళ్ళని చెప్పలేం."

వెడల్పాటి టైర్లు వచ్చాయి. గట్టి స్ప్రింగులు వచ్చాయి. సైలెన్సరు మార్చి స్టార్టు చేస్తే షెడ్డు రేకులు తాళం వేశాయి. "హారను ఖర్చు తప్పింది కదా!" అన్నాను. ఆవిడ చెవుల్లోంచి వేళ్ళు తీసి, "ఏమన్నారు?" అంది.

ఒక రోజు ఆవిడే కారెక్కి కూర్చుంది. "సీటు ఇంకాస్త ముందుకి జరపండి. నా దగ్గరికొచ్చేవాళ్ళలో పొట్టివాళ్ళే ఎక్కువ."

కాదంటే అబద్ధం బయటపడుతుంది. జరిపి బిగించాను. స్టీరింగు దించమంది. దించాను. పెడల్సు దగ్గరికి తెమ్మంది. తెచ్చాను. ఇప్పుడు నేను కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. అయినా అలాగే ముడుచుకుని, కళ్ళు మూసుకుని, నోటితోనే గేర్లు మారుస్తూ సాయంత్రాలన్నీ కలలో చక్కర్లు కొట్టేవాణ్ణి.

పందెం ఆదివారం వచ్చింది. లిఫ్టులో ఎవరో ఇరుక్కున్నారని చెప్పి బయటపడదామని వంటింట్లోకి వెళ్ళాను. అబద్ధం సిద్ధంగా ఉంది, వినడానికి మా ఆవిడే లేదు. షెడ్డుకి పరిగెత్తాను. కారూ లేదు.

బస్సు పట్టుకుని క్లబ్బు చేరేసరికి నా కారు వరసలో నుంచుని గుర్రుమంటోంది. లోపల ఎవరో హెల్మెట్ పెట్టుకుని కూర్చున్నారు. పందేలు నడిపించే పెద్దమనిషి మెళ్ళో ఎప్పుడూ ఈల వేలాడుతుంది. అందుకే ఆయన్ని అందరూ ఈలబాబాయి అంటారు. నేరుగా ఆయన మీద పడ్డాను.

"బాబాయ్, ఆ కారుకి నా పేరిచ్చాను కదా!"

"నిన్న మీ ఆవిడ వచ్చి మార్పించింది. మా ఆయన ఆ సీట్లో పట్టరని చెప్పింది. పడతారా?"

మోకాళ్ళు తగిలే చోట గడ్డం తడుముకున్నాను.

"అయితే ఆ కారుకి డ్రైవరు మీరు కారు," అని ఈల ఊదాడు.

పరుగున వెళ్ళి కిటికీ దగ్గర వంగాను. "నీకెప్పుడు తెలిసింది?"

"మొదట్లోనే. నేర్పే కారులో అన్నిటికంటే ముందు నా కాలి కింద రెండో బ్రేకు పెట్టాలి. మీరు దాని ఊసే ఎత్తలేదు."

"మరి అడగలేదేం?"

ఆవిడ స్టీరింగుని మెల్లగా నిమిరింది. "నా కోసమే అన్నారుగా. అబద్ధమైనా వినడానికి బాగుంది. నెమ్మది అననక్కర్లేని రోజు ఒక్కటైనా ఉండాలనిపించిందండీ."

జెండా ఊగింది. నేను పక్కకి తప్పుకున్నాను.

లోపల కూర్చున్నవాడికి తన కారు కనబడదన్న సంగతి నాకు అప్పుడే తెలిసింది. ఎండలో మెరుస్తూ మలుపు తిరుగుతుంటే అది తుక్కులోంచి వచ్చిందంటే ఎవరూ నమ్మరు. ఒక్కో చక్కరుకీ ఒక్కో బోల్టూ నా ఒంట్లోనే ఉన్నట్టు ఊగిపోయాను. చివర్లో ఆవిడ ఒక ఎర్ర కారుని దాటేసింది. నేను కంచె మీదికెక్కి అరిచిన అరుపుకి ఈలబాబాయి నా మీదే ఈల ఊదాడు. ఆ కారుని దాటడం వల్ల ఆవిడకి దక్కింది ఆఖరి నుంచి రెండో స్థానం.

మర్నాడు సాయంత్రం నేను కారు కింద పడుకుని ఉన్నాను. పక్కనే స్టూలు మీద మా ఆవిడ.

"మలుపులో వెనక చక్రాలు జారుతున్నాయి, చూడండి."

"చూస్తున్నాను. అవతల పొడుగు రోడ్డు మీద ఎలా ఉంది?"

"శబ్దమంతా వెనకబడిపోతుందండీ. మనం ఆగిపోయినట్టూ, రోడ్డే మన కిందనుంచి నీళ్ళలా పారుతున్నట్టూ ఉంటుంది."

నా చేతిలో స్పానరు గాల్లోనే నిలిచిపోయింది.

"అప్పుడు?" అన్నాను.

"ముందు ఆ బోల్టు బిగించండి. అప్పుడు చెబుతాను."

బిగించాను.