హనుమాండ్లు టెంట్ హౌస్‌లో ఇంటర్న్‌షిప్

ఇకమీదట చదువుకీ పరిశ్రమకీ మధ్య గోడ ఉండబోదని 2012 జూలైలో కామారెడ్డిలోని ఒక ఫంక్షన్ హాల్లో మంత్రిగారు ప్రకటించారు. గోడ అనే మాట దగ్గర బల్ల గుద్దారు. బల్ల మీది గ్లాసు ఎగిరి పక్కనున్న అధికారి ఒళ్లో పడింది. ఆయన తడిసిన ప్యాంటుతోనే లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. పథకం మీద ప్రభుత్వానికున్న పట్టుదల ఎంతటిదో హాల్లో అందరికీ అప్పుడే అర్థమైంది.

ఒకేషనల్ కాలేజీల్లో బిజినెస్ కోర్సు చదివే పిల్లలు ఇక వారంలో మూడు రోజులు క్లాసులో, మూడు రోజులు ఇండస్ట్రీలో ఉంటారు. సగం పుస్తకం, సగం అనుభవం. "ఇది నా కల," అన్నారు మంత్రిగారు. ఆ కల రాసి ఉన్న కాగితం ఆయనకు హాలు మెట్ల దగ్గరే అందింది.

వెనక వరుసలో కూర్చున్న హరిచంద్ మాత్రం మనస్ఫూర్తిగా చప్పట్లు కొట్టాడు. గాంధారి దగ్గరి తండాలో పుట్టి, ఎం.కాం. చదివి, ఎల్లారెడ్డిలోని ఒక ఒకేషనల్ కాలేజీలో కాంట్రాక్టు లెక్చరర్‌గా ఉన్నాడు. దుకాణం గడప తొక్కకుండా వ్యాపారం నేర్పడమంటే ఒడ్డున నిలబెట్టి ఈత నేర్పడమేనని అతనికి ఎప్పట్నుంచో బాధ. సభ కాగానే తిన్నగా అజీముద్దీన్ సేఠ్ దగ్గరికి నడిచాడు. కామారెడ్డిలో ఆయనది హోల్‌సేల్ బట్టల వ్యాపారం.

"సేఠ్, మా పిల్లలకు పని నేర్పుతరా?"

"నేర్పక ఏం జేస్త సాబ్? పంపున్రి. ఏ బట్ట ఎప్పుడు తెప్పియ్యాలె, బేరం యాడ ఆపాలె, ఉద్దెర ఎవనికి ఇయ్యొద్దు, గివి మీ పుస్తకంల దొరకయి."

ఈ మాట క్లాసులో చెప్పగానే అందరికంటే ముందు ముబష్షిరా లేచి నిలబడింది. తండ్రి దుబాయిలో ఉంటే తల్లి ఆమినా ఎల్లారెడ్డి బస్టాండు దగ్గర చిన్న బట్టల కొట్టు నడుపుతోంది. దళారులు తెచ్చిందే కొనడం, వాళ్లు చెప్పిందే ధర.

"సార్, నన్ను ముందు పంపున్రి. కొనుడు మాకే వస్తే దుకాణం నిలబడతది. లేకుంటే అమ్మీ ఈ ఏడే బంద్ పెడ్తనంటుంది."

"నువ్వే ముందు," అన్నాడు హరిచంద్.

అయితే ఏది పరిశ్రమో ఏది కాదో తేల్చడానికి ఒక కమిటీ ఉంది. దాని అధ్యక్షుడు హనుమాండ్లు. మంత్రిగారి పార్టీకి మండలంలో పెద్దదిక్కు, హనుమాండ్లు టెంట్ హౌస్ యజమాని. పదో తరగతి పరీక్షకు చాలాసార్లు కూర్చున్నాడు కాబట్టి విద్యారంగంలో విశేషానుభవం ఉంది.

"బట్టల దుకాణం ఇండస్ట్రీ ఎట్లయితది సారూ? దానికి పొగ గొట్టం ఉన్నదా?" అని అడిగాడు హనుమాండ్లు.

"మరి టెంట్ హౌస్‌కు ఉన్నదా అన్నా?"

"వంట సామాను మాదే గద. పొయ్యి ముట్టిస్తే పొగ రాదా?"

కమిటీ ఆ పొగను పారిశ్రామిక పొగగా గుర్తించింది. ఎల్లారెడ్డిలోని ఏకైక పరిశ్రమగా టెంట్ హౌస్ ఏకగ్రీవంగా ఎంపికైంది. హరిచంద్ ఇంకేదో అనబోయాడు. "నీ కాంట్రాక్టు మల్ల జూన్‌ల రాయాలె గద?" అని హనుమాండ్లు ఎంతో ప్రేమగా అడిగాడు.

ఇంటర్న్‌షిప్ మొదలైంది. బీర్కూర్‌లో పెళ్లికీ, పెద్దకొడప్‌గల్‌లో పార్టీ మీటింగుకీ పిల్లలు ట్రాలీ ఆటోలో కుర్చీల మీద కూర్చుని వెళ్లేవారు. గుంజలు పాతడాన్ని ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ అన్నారు. కుర్చీలు వేయడం లాజిస్టిక్స్ అయితే, తీయడం రివర్స్ లాజిస్టిక్స్. బిర్యానీ డేగిసాలు తోమడం క్వాలిటీ కంట్రోల్. మీటింగుకు జనం తక్కువైతే ఆ కుర్చీల్లో తామే కూర్చోవడానికి డిమాండ్ మేనేజ్‌మెంట్ అని పేరు. ఈ పేర్లన్నీ ఆ తడిసిన ప్యాంటు అధికారి స్వయంగా పెట్టారు. ఇంగ్లీషులో ఆయన దిట్ట.

ఆగస్టులో ముసురు పట్టింది. హనుమాండ్లు షెడ్డు కురవసాగింది. షామియానాలూ కుర్చీలూ డేగిసాలూ తెచ్చి కాలేజీ క్లాసురూంలో పడేశాడు.

"అన్నా, మరి క్లాసు?"

"పిల్లలు మూడు రోజులు బయటనే ఉంటరు గద సారూ."

"మిగతా మూడు రోజులు?"

"గప్పుడు గూడ బయటనే ఉంచు. సదువు ఎక్కువైతే ఏం నష్టం?"

తనిఖీకి వచ్చిన అదే అధికారి తలుపు తీయగానే ఒక షామియానా ఆయన మీద కూలింది. దాని కిందినుంచి బయటపడి, బ్లాక్‌బోర్డు ఉండాల్సిన చోట నిలువెత్తున పేర్చిన కుర్చీలు చూసి, ఆయన ఆనందంతో చప్పట్లు కొట్టారు. "అందరూ క్లాసును ఇండస్ట్రీకి తీసుకెళ్తున్నారు. మీరు ఇండస్ట్రీనే క్లాసులోకి తెచ్చారు! రాష్ట్రంలో ఎక్కడా లేదు!" ఆ సాయంత్రమే హైదరాబాదుకు ఫోన్ చేశారు. మంత్రిగారు స్వయంగా వచ్చి ఈ అద్భుతాన్ని చూడాలని నిశ్చయించారు.

మంత్రిగారు వచ్చే ముందురోజు ముబష్షిరా వరండాలో హరిచంద్‌ను ఆపింది. డేగిసాలు తోమి తోమి ఆమె వేళ్లు పగిలాయి.

"సార్, అమ్మీ ఒకటి అడగమన్నది. కుర్చీలు మోసుడు నేర్వనీకి కాలేజీ ఎందుకని. ఏం చెప్పాలె?"

హరిచంద్ ఆ పగిలిన వేళ్లనే చూస్తూ నిలబడ్డాడు. ఆమె ఎదురుచూసింది, తర్వాత తలవంచుకుని వెళ్లిపోయింది. తిట్టిపోసినా అతనికి అంత బాధ కలిగేది కాదు.

మర్నాడు పొద్దున్నే పిల్లలందరినీ బస్సెక్కించి కామారెడ్డి తీసుకెళ్లి సేఠ్‌కు అప్పగించాడు. వెంటనే తిరుగు బస్సు పట్టుకున్నాడు. లింగంపేట దాటేదాకా ఒకే వాక్యం మనసులో వల్లెవేశాడు: అయ్యా, మా పిల్లలు ఇవాళ నిజంగా పరిశ్రమలో ఉన్నారు. ఉద్యోగం పోతుంది. పోనీ. ఎన్నాళ్ల తర్వాతో అతనికి ఊపిరి హాయిగా ఆడింది.

కాలేజీ మైదానంలోకి అడుగుపెట్టి ఆగిపోయాడు. షామియానా కింద ఒక్క కుర్చీ ఖాళీ లేదు. అందరి భుజాల మీదా కాలేజీ యూనిఫాం చున్నీలు, అందరి మెడల్లో పేర్ల బిళ్లలు. మొదటి వరుసలో ఊళ్లోని ముసలామె ఈరవ్వ కూర్చుని వక్కలు నములుతోంది. పక్కన ఆమె ఈడుదే హన్మవ్వ. ఆ వెనక ఉపాధి హామీ కింద చెరువు మట్టి తీసే కూలీలు.

"అన్నా, వీళ్లెవరు?"

"నీ పిల్లలే సారూ," అన్నాడు హనుమాండ్లు.

"నా పిల్లలు కామారెడ్డిల ఉన్నరు."

"ఉండనీ. ఆడ గూడ హాజరే, ఈడ గూడ హాజరే. డబల్ హాజరు."

మంత్రిగారు వచ్చారు. మొదటి వరుస దగ్గర ఆగి, ఈరవ్వ మెడలోని బిళ్ల చదివారు. "ముబష్షిరా! మంచి పేరు. ఏం నేర్చుకున్నావమ్మా?"

"కూసోమన్న కాడ కూసునుడు, సప్పట్లు కొట్టుమన్నప్పుడు కొట్టుడు సారూ."

"డిసిప్లిన్! కంపెనీలు వెతికేది దీన్నే. వయసెంత?"

"పింఛనుకు ఒకటి రాపిచ్చిన, ఓటుకు ఒకటి రాపిచ్చిన. నీకేది గావాలె?"

మంత్రిగారు ఒక్క క్షణం తడబడ్డారు. అధికారి ఆయన చెవిలో "లైఫ్‌లాంగ్ లెర్నింగ్ సార్" అన్నారు. మంత్రిగారి ముఖం వెలిగింది. ఈరవ్వకు శాలువా కప్పి ఫొటో దిగారు.

ఇక ఆగలేక హరిచంద్ వేదికెక్కి మైకు అందుకున్నాడు. "సార్! వీళ్లు మా విద్యార్థులు కారు!"

హనుమాండ్లు ముఖం పాలిపోయింది. మంత్రిగారు నెమ్మదిగా లేచి హరిచంద్ భుజం మీద చెయ్యేశారు.

"విన్నారా? వీళ్లిక విద్యార్థులు కారు అంటున్నారు మాస్టారు. నిజం! వీళ్లు ప్రొఫెషనల్స్!"

చప్పట్లు మారుమోగాయి. కొట్టమని ఎవరూ చెప్పకముందే ఈరవ్వ కొట్టింది. హరిచంద్ రెండో వాక్యం మొదలుపెట్టేలోపు అతని మీదా ఒక శాలువా పడింది, చేతిలో మైకు మాయమైంది.

సాయంత్రం పిల్లలు బస్సు దిగారు. ముబష్షిరా పరుగెత్తుకొచ్చింది. "సార్, సేఠ్ కండ్లు మూసుకొమ్మన్నడు. బట్ట చేతుల పెట్టి ఏది కాటనో ఏది పాలిస్టరో చెప్పుమన్నడు. ముందు తప్పినయి, తర్వాత ఒక్కటి తప్పలే! అమ్మీకి గూడ నేర్పుతా." ఆమె సంతోషం చూసి హరిచంద్ ఇక్కడి సభ సంగతి చెప్పలేకపోయాడు.

వారం తిరిగేసరికి అధికారి ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్లు తెచ్చారు. సర్టిఫికెట్ ఉంటేనే చివరి పరీక్షకు కూర్చోనిస్తారు. పిల్లలు వరండాలో వరుసగా నిలబడ్డారు.

"ముబష్షిరా!"

ఆమె ముందుకొచ్చింది. అధికారి చేతిలోని ఫొటో చూశారు, ఆమెను చూశారు. "నువ్వు కాదమ్మా. పక్కకు జరుగు."

"సార్, ముబష్షిరా ఆ పిల్లే. నా స్టూడెంట్," అన్నాడు హరిచంద్.

"ఇది మంత్రిగారు శాలువా కప్పిన ఫొటో అండీ. మంత్రిగారు మనిషిని గుర్తుపట్టలేదంటారా?" అధికారి గొంతులో బాధ ధ్వనించింది. "పైగా వీళ్లు విద్యార్థులు కారని మైకులో చెప్పింది మీరే." ఆయన మళ్లీ పిలిచారు. "ముబష్షిరా!"

"వస్తున్న సారూ, వస్తున్న," అంటూ గేటు దగ్గర కూర్చున్న ఈరవ్వ మోకాళ్లు పట్టుకుని లేచి వచ్చింది. అధికారి పెన్ను ఇచ్చారు. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి తిరిగి ఇచ్చేసింది. ఆయన స్టాంపు ప్యాడ్ తీశారు.

ఈరవ్వ బొటనవేలు చాపింది. పక్కకు జరిగి నిలబడ్డ పిల్లవైపు తిరిగి, "బిడ్డా, జర పట్టుకో. యాడ పెట్టాల్నో నాకు తెల్వది," అంది.

అమ్మాయి ఒకసారి హరిచంద్ వైపు చూసింది. తర్వాత ముసలామె బొటనవేలు పట్టుకుని, సిరాలో అద్ది, తన పేరు కింద జాగ్రత్తగా నొక్కింది.

"వెరీ గుడ్ ముబష్షిరా," అన్నారు అధికారి, ఈరవ్వతో.