కుర్చీ కోసం వచ్చినవాళ్లు

పురపాలక అధ్యక్షులవారి పుట్టినరోజున పౌరులు తమ హర్షాన్ని ఇకపై వీధుల్లో కాక ఇంటర్నెట్‌లో వ్యక్తం చేయాలని ప్రకటన వెలువడింది. దీనివల్ల కాగితం ఆదా అవుతుంది, గోడలు శుభ్రంగా ఉంటాయి, ఎవరు హర్షించారో ఎవరు హర్షించలేదో కూడా తేలిపోతుంది. ఇందుకోసం శుభాకాంక్షల వెబ్‌సైటు ఒకటి తయారైంది. దాన్ని తెరిస్తే చాలు, ఒక శుభాకాంక్ష నమోదవుతుంది. పేరు రాయనక్కర్లేదు. మనసులో ఏమీ అనుకోనక్కర్లేదు. పౌరుడి మీద ఇంత తక్కువ భారం మోపిన పథకం పురపాలక సంఘం పుట్టిన దగ్గరనుంచీ లేదని ఆ ప్రకటనలోనే రాశారు. అది నిజమే.

ఆ వెబ్‌సైటును కాంట్రాక్టరు షేర్డ్ హోస్టింగ్‌లో పెట్టాడు. షేర్డ్ హోస్టింగ్ అంటే ఒకే యంత్రంలో బోలెడు వెబ్‌సైట్లు వాటాలు వేసుకుని కాపురం ఉండటం. అందరికీ ఒకటే కుళాయి, ఒకటే మీటరు. ఒకాయన కుళాయి కట్టేయడం మర్చిపోతే మిగతా వాటాల్లో బిందెలు ఎండుతాయి. పక్షుల ఫోటోలు తీసే దంతవైద్యుడు, పాత కార్ల విడిభాగాలమ్మే అన్నదమ్ములు, జుట్టు రాలకుండా ఉండే ఉపాయాలు చెప్పే బట్టతల పెద్దమనిషి ఆ యంత్రంలో చాలాకాలంగా సఖ్యంగా ఉంటున్నారు. అధ్యక్షులవారు వచ్చి ముందు వాటాలో దిగారు. చిట్టచివరి మూల వాటా కుర్చీల అమ్మాయిది.

కుర్చీల అమ్మాయి అనేది డయాలసిస్ కేంద్రంలో ఆమెకు పెట్టిన పేరు. ఆమె మామగారు డ్రాయింగు మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. ఆయన తర్వాత కొద్దిరోజులకే ఆయన మూత్రపిండాలు కూడా రిటైరయ్యాయి. వారానికి మూడుసార్లు కేంద్రానికి వెళ్లి, యంత్రం పక్కన కుర్చీలో కూర్చుని, రక్తం శుభ్రం చేయించుకుని రావాలి. ఏ కుర్చీ ఎప్పుడు ఖాళీ అవుతుందో ఎవరికీ తెలియదు కనుక రోగులందరూ పొద్దున్నే వచ్చి బల్లల మీద ఎదురు చూసేవాళ్లు. కోడలు అంతకుముందు ఒక కంపెనీలో సాఫ్ట్‌వేర్ రాసేది. మామగారిని తీసుకొచ్చి అదే బల్ల మీద కూర్చుని కూర్చుని విసుగెత్తి, ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని చిన్న వెబ్ అప్లికేషన్ ఒకటి రాసింది. ఫోన్లో తెరిస్తే మీ కుర్చీ ఏదో, ఇంట్లోంచి ఎప్పుడు బయల్దేరాలో చెబుతుంది. అందులో ఇంకేమీ లేదు. సందేశం లేదు, స్ఫూర్తి లేదు, ఎవరి ఫోటో లేదు. అందుచేత దానికి ఏ బహుమతీ రాలేదు.

ఆమె తీసుకున్నది అపరిమిత పథకం. అపరిమితం అన్న మాటకు హోస్టింగ్ కంపెనీవారు ఒప్పందంలో చక్కటి అర్థం చెప్పారు. ఇతరులకు ఇబ్బంది కలగనంతవరకు మీకు పరిమితి లేదు. ఇబ్బంది కలిగాక, పరిమితి ఎంతో మీకు తెలుస్తుంది.

పుట్టినరోజు రానే వచ్చింది. పురపాలక ఉద్యోగులు ముందు శుభాకాంక్ష చెప్పి ఆ తర్వాతే హాజరు వేయించుకోవాలని ఉత్తర్వు. బడుల్లో మొదటి పీరియడు హర్షానికి కేటాయించారు. నీటి సరఫరా విభాగంవారు, పైనుంచి ఒత్తిడి ఉన్నందువల్ల, కుళాయిలు వదలడం కూడా మానేసి హర్షించారు. యంత్రానికి ఊపిరాడలేదు. పక్షులు కనబడటం మానేశాయి, విడిభాగాలు విడిపోయాయి. కుర్చీల సైటు నత్తలా కదులుతుంటే రోగులు కంగారుపడి మళ్లీ మళ్లీ తెరవసాగారు.

హోస్టింగ్ కంపెనీ ఇంజనీర్లు వెంటనే రంగంలోకి దిగి ఈ భారానికి కారకులెవరో కనిపెట్టారు. కనిపెట్టే పద్ధతి శాస్త్రీయమైనది. పెద్ద సైటును ఆపితే పెద్ద గొడవ, చిన్న సైటును ఆపితే చిన్న గొడవ. కుర్చీల సైటును ఆపేశారు. ఆగిపోయిన సైటు కోసం వచ్చినవాళ్లను ఆ యంత్రం ముందు వాటాలోకి పంపిస్తుంది. అది దాని మర్యాద.

మాస్టారు వరండాలో చెప్పులు వేసుకుంటూ ఫోను కోడలి ముందుకు చాపారు.

"అమ్మాయ్, ఇవాళ నా కుర్చీలో ఈయనెవరో కూర్చున్నాడు."

తెరనిండా అధ్యక్షులవారు నవ్వుతున్నారు. కింద 'మీ శుభాకాంక్ష అందింది, కృతజ్ఞతలు' అని రాసి ఉంది.

ఆమె కంపెనీకి ఫోన్ చేసింది. చాలాసేపు సంగీతం వినిపించాక ఒక సహాయకుడు ఎంతో వినయంగా పలికాడు.

"మీ సైటు బాగానే తెరుచుకుంటోందండీ. ఇప్పుడే చూశాను."

"ఏం కనిపిస్తోందండీ?"

"ఒక పెద్దాయన నవ్వుతున్నారు."

"అది నా సైటు కాదండీ."

"అయినా తెరుచుకుంటోంది కదండీ. తెరుచుకోకపోతే కంప్లయింట్ రాసుకుంటాం. తెరుచుకుంటుంటే ఏమని రాసుకోమంటారు?"

కాసేపటికి ఆయనే ఎక్కడో వెతికి, ఆమె సైటును ఆపేశారన్న సంగతి కనుక్కుని అభినందన చెబుతున్నట్టు చెప్పాడు. "మీవాళ్లు ఒక్కపెట్టున వచ్చి పడుతున్నారండీ. పక్కవాళ్లకు ఇబ్బందవుతోంది."

"మావాళ్లు రోగులండీ. కుర్చీ ఎప్పుడో చూసుకుంటున్నారు."

"చూసుకోవచ్చండీ, మాకేం అభ్యంతరం లేదు. కాస్త తీరిగ్గా చూసుకోమనండి."

"పోనీ నా ఫైళ్లు నాకిచ్చేయండి. ఇంకోచోట పెట్టుకుంటాను."

"సమీక్ష పూర్తయ్యేదాకా ఫైళ్లు కదపకూడదండీ. మీ డేటా భద్రత కోసమే."

రోగుల ఫోన్ నంబర్లు కూడా ఆ భద్రతలోనే ఉండిపోయాయి. ఆమె మామగారిని ఆటోలో ఎక్కించుకుని కేంద్రానికి పరుగెత్తింది. అక్కడ అప్పటికే బల్లలు నిండి, మెట్లు నిండి, మందుల గది గుమ్మం కూడా నిండింది. పెద్ద నర్సు తన ఫోన్లో ఉన్న నంబర్లు చదువుతుంటే కోడలు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి ఎప్పుడు రావాలో చెబుతూ వచ్చింది. గోడకున్న తెల్లబోర్డు మీద మాస్టారు కుర్చీలు గీశారు. ఎన్నాళ్ల తర్వాతో చేతికి పని దొరికినందుకు కుర్చీలకు నీడలు కూడా దిద్దారు.

"మామయ్యగారూ, నీడలు వద్దు. పేర్లు పట్టే చోటు ఉంచండి చాలు."

"నీడలేని కుర్చీ గాల్లో తేలుతుందమ్మా. అసలే జనం బెదిరిపోయి ఉన్నారు."

నంబరు దొరకనివాళ్లలో ఊరి చివరుండే దర్జీ ఒకడు. పొద్దున్నే అతను ఫోన్ తెరిచాడు. కృతజ్ఞతలు కనిపించాయి. ఆఫీసులవాళ్లు పని కాదని చెప్పేటప్పుడే ఇంత మర్యాదగా మాట్లాడతారని అతనికి అనుభవం. ఇవాళ కుర్చీ లేదు కాబోలనుకుని ఇంట్లోనే ఉండిపోయాడు. సాయంత్రం అతని భార్య, బావమరిది కలిసి అతన్ని మోసుకొచ్చినట్టు తీసుకొచ్చారు. పాదాలు చెప్పుల్లో పట్టనంతగా వాచాయి. మాట మధ్యలో రెండుసార్లు ఊపిరి కోసం ఆగుతున్నాడు. అప్పుడే కుర్చీలో కూర్చోబోతున్న బస్సు కండక్టరమ్మ అతన్ని చూసి పక్కకు జరిగింది. "నాకు రేపైనా ఫర్వాలేదు, ఆయన్ని ఎక్కించండి," అంది. ఫర్వా ఉందని ఆమెకూ తెలుసు, నర్సుకూ తెలుసు. అతని ఊపిరి తేలికపడేదాకా కోడలు ఆ కుర్చీ పక్కనే నిలబడింది. తను రాసిన ప్రోగ్రాం సరిగ్గానే ఉంది. అందులో తప్పు వెతికినా దొరకదు. ఆ సంగతి తలుచుకున్నకొద్దీ ఆమెకు ఒళ్లు మండింది.

ఇటు శుభాకాంక్షల విభాగంలో ఆనందానికి పట్టపగ్గాల్లేవు. ఏ వీధి నుంచి, ఏ సైటు మీదుగా ఎంత హర్షం వచ్చిందో చూస్తుంటే, డయాలసిస్ రోగులు ఒక్కొక్కరు విరామం లేకుండా శుభాకాంక్షలు పంపినట్టు తేలింది. కొందరు ఒంట్లోకి సూదులు గుచ్చించుకుని కూడా పంపారు. ఇంతటి భక్తి సొంత బంధువుల్లోనూ కనిపించలేదని అధ్యక్షులవారు కళ్లు తుడుచుకున్నారట. రోగుల్లో ఇంత చైతన్యం నింపిన మహిళను సన్మానించాలని వెంటనే తీర్మానించారు.

"నేను వెళ్లను మామయ్యగారూ," అంది కోడలు ఆహ్వానం చూసి.

"వెళ్లమ్మా. మైకు ఇస్తారు. పొద్దుట్నించీ ఫోన్ చేసినా నీకు దొరకంది అదే కదా."

ఆ రాత్రే సభ ఘనంగా జరిగింది. అధ్యక్షులవారు, వారికి కుడివైపున ఉపాధ్యక్షులవారు వేదిక మీద ఉన్నారు. అధ్యక్షులవారు ప్రసంగించారు.

"సోదర సోదరీమణులారా, ఆరోగ్యవంతుడు నవ్వుతాడు, అందులో విశేషం లేదు. మంచమెక్కినవాడు లేచి నన్ను చూసి, మళ్లీ చూసి, తనివితీరక మళ్లీ చూశాడంటే నేనేం సేవ చేశానో నాకే తెలియడం లేదు. ఈ అభిమానం తట్టుకోవడానికి మన సర్వర్ చాలదు. అందుకని నా శుభాకాంక్షల కోసం ఇంకా పెద్ద సర్వర్ మంజూరు చేస్తున్నాను."

చప్పట్లు ఆగాక కుర్చీల అమ్మాయికి జ్ఞాపిక, మైకు ఇచ్చారు. ఆమె రెండో దాన్ని దగ్గరికి తీసుకుంది.

"సార్, వాళ్లెవరూ మీకోసం రాలేదు. కుర్చీ కోసం వచ్చారు."

అధ్యక్షులవారు నెమ్మదిగా తల తిప్పి ఉపాధ్యక్షులవారి వైపు చూశారు. ఉపాధ్యక్షులవారు పైకప్పు వైపు చూశారు.

"ఎంతమంది?" అని అధ్యక్షులవారు మైకు పక్కకు నెట్టి అడిగారు.

"చాలామందే ఉన్నారు సార్. కొందరు ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్నారు. కుర్చీ దొరక్కపోతే బతకరు."

"అంత తెగించారా?"

"వేరే దారి లేదు సార్. వాళ్లంతా ఇప్పుడు మీ సర్వర్‌లోనే చేరారు."

ఆ తర్వాత జరిగిన పనుల వేగం గురించి పురపాలక సంఘంలో ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. తన కుర్చీ కోసం కాచుకున్నవాళ్లతో ఒకే యంత్రంలో ఉండటం క్షేమం కాదని అధ్యక్షులవారు అక్కడికక్కడే హోస్టింగ్ కంపెనీకి కబురు పంపారు. సమీక్ష, ఇంకా మొదలుకాకుండానే, పూర్తయింది. మంజూరైన కొత్త సర్వర్‌లోకి అధ్యక్షులవారు మారాల్సింది. తను కదిలితే కుర్చీ వదిలినట్టు అర్థం చేసుకుంటారేమోనని ఆయన పాతదాంట్లోనే ఉండిపోయారు. కొత్తదాంట్లోకి కుర్చీల సైటును తరలించారు. ఉపాధ్యక్షులవారిని ఉద్యానవనాల శాఖకు మార్చారు. ఆయన మాత్రం ఏం చేశానని ఈనాటికీ అడుగుతూనే ఉన్నారు.

మర్నాటి నుంచి కుర్చీల సైటు రివ్వున తెరుచుకుంది. కుర్చీ కనిపించింది, వేళ కనిపించింది. ఎవరూ మెట్ల మీద కూర్చోలేదు. దర్జీ తన వేళకు తను వచ్చి వెళుతున్నాడు. ఇక కథ సుఖంగా ముగిసిందనుకుంటున్న సమయంలో ఆమెకు ఫిర్యాదులు రావడం మొదలైంది.

"ఏమ్మా, ఆ శుభాకాంక్ష చెప్పేది తీసేశావేం?" అంది కండక్టరమ్మ. "అది చెప్పకుండా కుర్చీ తీసుకుంటే పైవాళ్లకు తెలియదా?"

"దానికీ కుర్చీకీ సంబంధం లేదండీ. ఆరోజు పొరపాటున వచ్చింది."

"నువ్వలాగే అంటావు. చెప్పిన మర్నాడే సైటు బాగుపడలేదూ?"

నాలుగో వంతు రోగులు ఇదే అడిగారు, తర్వాత సగంమంది. చెప్పినవాళ్లకు కిటికీ పక్క కుర్చీ ఇస్తున్నారని పుకారు పుట్టింది. చెప్పే ఏర్పాటు తనకొక్కడికే లేకుండా చేశారని మందుల దుకాణం నడిపే రోగి ఒకాయన అలిగాడు. ఆమె తెల్లబోర్డు మీద వివరంగా రాసిపెట్టింది. ఎవరూ నమ్మలేదు. చివరికి ఓపిక నశించి, కుర్చీ కనబడే చోటుకు పైన 'శుభాకాంక్షలు' అని ఒక బటన్ పెట్టింది. దాన్ని నొక్కితే ఎక్కడికీ ఏమీ వెళ్లదు. ఫిర్యాదులు ఆ పూటే ఆగిపోయాయి.

ఒకనాడు ఆటోలో వెళుతూ మామగారు ఫోన్ తెరిచి ముందు ఆ బటన్ నొక్కడం ఆమె చూసింది.

"మీరు కూడానా?"

"నొక్కితే నా సొమ్మేం పోయిందమ్మా," అన్నారు మాస్టారు, ఫోను అటు తిప్పుకుంటూ.

ఆమెకు మనసొప్పలేదు. అందరినీ మోసం చేస్తున్నట్టుగా ఉంది. ఈ బటన్ ఏ పనీ చేయదని, నొక్కినా నొక్కకపోయినా కుర్చీ వస్తుందని, బటన్ కిందనే పెద్ద అక్షరాలతో రాసింది. అది చదివినవాళ్లు, ఎందుకైనా మంచిదని, రెండుసార్లు నొక్కుతున్నారు.