నూట పదహారు కిలోల బావమరిది

తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరు ఆ ఆదివారం ఉదయానికి వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. తొమ్మిదింటికి సైకిల్ షాపు తెరుస్తారు. పదింటికల్లా తన తాహతుకు తగ్గ రోడ్ సైకిలొకటి కొనేయాలి. బండి అందరికీ కనబడినా ఫరవాలేదు గాని, తన బరువు మాత్రం ఎవరి చెవినా పడకూడదు. నాలుగు నెలల క్రితం ఆఫీసు గదికి గడియ పెట్టుకుని చూసుకున్న ఆ అంకె ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు. కొట్టువాళ్ళ తూకంలో పది గ్రాములు తేడా వస్తే ఒంటికాలి మీద లేచే మనిషి, ఈ ఒక్క తూకం దగ్గర మాత్రం నోరు మెదిపేవాడు కాదు.

సన్న టైర్ల బండి మీద చెయ్యి వేయబోతుంటే షాపాయన ఆపాడు. "తొక్కే మనిషి బరువెంతండీ?"

"ఎందుకూ?"

"దాన్నిబట్టే చక్రం. కాస్త భారీ మనిషికి మామూలు చక్రం వేస్తే నెల తిరక్కుండా స్పోకులు విరుగుతాయి."

దొంగ తూకం చెప్పడానికి ఇరవై ఏళ్ళ ఉద్యోగం అడ్డొచ్చింది. అందుకని తూకం నిజమే చెప్పి, మనిషిని మార్చేశాడు. "నూట పదహారు. నాకు కాదులెండి, మా బావమరిదికి."

"అయితే గేర్లకి తగలేయకండి, ఆ డబ్బు చక్రాలకి పెట్టండి. ముప్పై ఆరు స్పోకులు, కొంచెం వెడల్పు టైరు, స్టీలు ఫ్రేము. సొగసు తక్కువే గాని చవక, గట్టి. బిగించడానికి గంట పడుతుంది."

ఇన్‌స్పెక్టరు ఫోన్ నంబరు రాసిచ్చి, పక్క వీధిలో క్షవరానికి వెళ్ళాడు. ఫోన్ ఇంట్లో చార్జింగులో ఉన్న సంగతి మెడకు గుడ్డ కట్టించుకున్నాక గాని గుర్తు రాలేదు.

హ్యాండిల్‌కు నల్ల టేపు చుట్టాలా, ఎర్రదా అని షాపాయన ఫోన్ చేస్తే, ఇన్‌స్పెక్టరు భార్య ఎత్తింది.

"సార్ వాళ్ళ బావమరిదిగారి సైకిలండీ. నూట పదహారు కిలోలున్నారటగా, ఆయన కోసం."

ఆమెకు ఉన్నది ఒక్కడే తమ్ముడు. గాలికి కొట్టుకుపోతాడేమోనని అందరూ ఆటపట్టించే రకం. కానీ రెండు నెలలుగా ఆమె వాణ్ణి చూడలేదు. గుండె జారిపోయి తల్లికి ఫోన్ చేసింది. తల్లి కొడుక్కి చేసింది.

"నిజం చెప్పరా, ఒళ్ళొచ్చిందా?"

"అవునమ్మా! నీకెలా తెలిసింది?" అన్నాడు వాడు గర్వంగా. నానా పాట్లూ పడి రెండు కిలోలు పెరిగి ఉన్నాడు.

"ఇన్నాళ్ళూ దాచావా! ఆ ఒంటితో సైకిలెక్కుతావా? గుండె ఆగిపోదూ? కదలకుండా అక్కడే ఉండు, వస్తున్నాం!"

సైకిల్ కొనడం ఆపించాలని తల్లీ కూతురూ బయల్దేరారు. దారిలో కొడుకు గుమ్మం ముందు ఆగి వాణ్ణి చూడగానే, తల్లి భయమంతా షాపువాడి మీద కోపంగా మారింది. ముగ్గురూ షాపులోకి దిగారు. మూలన మనుషుల్నీ సైకిళ్ళనూ తూచే కాటా కనబడింది.

"ఈ పుల్లలాంటి పిల్లాడు నూట పదహారా? ఏం కాటాయ్యా నీది?"

"అమ్మా, నేనసలు ఈ షాపుకే రాలేదు."

"నువ్వు నోర్ముయ్!"

అప్పుడే ఇన్‌స్పెక్టరు నున్నటి క్షవరంతో లోపలికి వచ్చాడు. "సమయానికొచ్చారు అల్లుడుగారూ! కేసు రాయండి. మా అల్లుడు తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరు, తెలుసా?" అంది అత్తగారు షాపాయనతో.

పాపం, షాపాయన మొహం తెల్లబోయింది. బరువు చెప్పిందెవరో ఆయనకు తెలుసు. ఇన్‌స్పెక్టరు మీద ఇన్‌స్పెక్టరుకే చెప్పడం ఎలాగో తెలియక చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

కేసు రాస్తే తప్పు చేయనివాడి కొట్టు మూతపడుతుంది. రాయకపోతే ఆ నూట పదహారు ఎవరిదో చెప్పాలి. ఇన్‌స్పెక్టరుకు సిగ్గుతో చెవులు కాలిపోయాయి. చివరికి చెప్పులు విప్పి కాటా ఎక్కాడు. "బావమరిది బరువు కాదండీ అది. నాది. చూసుకోండి."

చూసుకున్నారు. నూట ఇరవై ఒకటి.

"చెప్పలా, కాటా తప్పేనని!" అంది అత్తగారు.

ఆ మాట పట్టుకుని బయటపడదామని ఒక్క క్షణం ఆయనకూ ఆశ పుట్టింది. కానీ బయట ఆపిన తన కారు దగ్గరికి వెళ్ళి, డిక్కీలో ఉన్న ప్రభుత్వ తూకపు రాళ్ళు తెచ్చి ఒక్కొక్కటే పెట్టి చూశాడు. కాటాలో గ్రాము తేడా లేదు. నాలుగు నెలల్లో తేడా వచ్చింది ఆయనకే.

"నాకు తెలుసులెండి," అంది భార్య మెల్లగా. "మీ చొక్కాలు కొంటున్నది ఎవరనుకున్నారు?"

ఇన్నాళ్ళు మోసిన బరువేదో దిగినట్టయి ఇన్‌స్పెక్టరు హాయిగా నవ్వాడు. సైకిల్ తీసుకుందామన్నాడు. షాపాయన గొంతు సవరించుకున్నాడు. "సార్, ఈ బండికి కంపెనీ రాసిన హద్దు నూట ఇరవై."

"ఒక్క కిలోయే కదండీ!" అంది భార్య.

"తూకంలో సర్దుబాట్లుండవు," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

ఆ కిలో తగ్గేదాకా రోజూ ఉదయం ఆయన సైకిల్‌ను నాలుగు కిలోమీటర్లు నడిపించుకుంటూ వెళ్ళి, నడిపించుకుంటూ తిరిగొచ్చాడు.